పెళ్ళికొడుకు కారులో నిప్పురవ్వ

నాకు నిప్పురవ్వ అంటే భయం. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే మా ఇంట్లో అందరికీ ఇదొక వేళాకోళం అయిపోయింది. గ్యాస్ పొయ్యి వెలిగించేటప్పుడు మొహం పక్కకి తిప్పుకుంటాను. దీపావళికి లోపలి గదిలో తలుపు బిగించుకుని కూర్చుంటాను. "మీ అమ్మ అగ్గిపెట్టెకి దండం పెట్టినంకనే పుల్ల గీస్తాది రా" అని మా ఆయన లక్ష్మణసామి కొడుకుతో చెప్పి పడీపడీ నవ్వుతాడు. నవ్వనీ. ఆయన పుట్టింది కోవిల్‌పట్టి పక్కన నల్లరేగడి పల్లెలో, పత్తీ మినుమూ పండించే ఇంట్లో. నేను పుట్టింది తిరుత్తంగల్‌లో.

తిరుత్తంగల్‌లో మా అక్క సుబ్బులక్ష్మి టపాకాయలు చేసే చోటికి పనికి పోయేది. లోపలికి అడుగు పెట్టే ముందు చెప్పులు విడవాలి, గుమ్మం దగ్గర బిగించిన రాగి రేకు మీద అరచెయ్యి ఆనించాలి. ఒంట్లో ఉన్న కరెంటు నేలకి దిగిపోతుందట. అక్కకి అదెంత అలవాటైపోయిందంటే, ఇంటికి వచ్చినా గుమ్మాన్ని ఒకసారి తాకి గానీ లోపలికి వచ్చేది కాదు. ఒక మధ్యాహ్నం అక్కడ ఎవరో ఇనప బకెట్టును గచ్చు మీద ఈడ్చారు. ఎంత రవ్వ లేచి ఉంటుంది? ఆవగింజలో సగం, దానికే మందు గది మొత్తం లేచిపోయింది. అక్కని చూస్తానని నేను ఏడిస్తే మా నాయన నన్ను వాకిట్లోనే పట్టుకుని ఆపేశాడు. ఎందుకు ఆపాడో అప్పుడు తెలియలేదు గానీ, తరవాత తెలిసింది.

అలాంటి నన్ను కట్టుకుని, ఆ మనిషి పోయి పోయి ఒక పాత కారు తెచ్చాడు. అగ్గిపెట్టెల కంపెనీ ఓనరు ఒకాయన షెడ్డులో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటూ ఉన్న ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, పైన కప్పు లేదు, కూర్చుంటే రోడ్డు మీద పీట వేసుకున్నట్టు ఉంటుంది. ఎక్కడం ఒక అవస్థ, దిగడం ఇంకో అవస్థ. దాన్ని ముక్కముక్కా విప్పి, తుప్పు గీకి, ఎర్ర రంగు వేయించి, కన్నబిడ్డకి మల్లే సాకాడు. మా కొడుకు విఘ్నేశ్వరన్ చిన్నప్పుడు వాడికి జ్వరం వస్తే ఒక్క రాత్రి మేలుకోని మనిషి, ఆ కారుకి బ్రేకు ఆయిల్ కారుతోందని తెల్లవార్లూ మేలుకున్నాడు.

చివరికి మిగిలింది ఇగ్నిషన్. అంటే పెట్రోలుకి రవ్వ అంటించే భాగం. దాని సామాన్ల పేర్లన్నీ నేను పట్టుబట్టి నేర్చుకున్నాను, దేనికి భయపడుతున్నానో నాకు తెలియాలి కదా. కాయిల్ అనే డబ్బా బ్యాటరీ కరెంటును వేల ఓల్టులకి పెంచుతుంది. డిస్ట్రిబ్యూటర్ దాన్ని ఇంజనులో నాలుగు చోట్లకి పంచుతుంది. దాని మీద నల్లటి మూత, మూతలోంచి జడల్లా లావుపాటి వైర్లు. మూత లోపల గిరగిరా తిరిగే బొటనవేలంత ముక్క పేరు రోటరు. అసలు కంపెనీ వీటిని చేయడం ఎప్పుడో మానేసింది. ఇప్పుడు పాత నమూనా చూసి ఎవరెవరో కొత్తవి పోసి అమ్ముతున్నారు. మా ఆయన అన్నం తింటూ కూడా ఎడమ చేత్తో ఫోను జరుపుతూ వాటినే వెతికేవాడు.

"అంటే డూప్లికేటా?" అన్నాను ఒకరోజు.

"డూప్లికేట్ కాదే. పాతదాన్ని సూసి అదే మాదిరి సేసేది. రీప్రొడక్షన్ అంటారు."

"పేరు పెద్దగా పెడితే డూప్లికేట్ కాకుండా పోతాదా?"

"నీతో మాట్లాడేదానికి ఆ కాయిల్‌తో మాట్లాడొచ్చు పో" అని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

పార్సిల్ వచ్చింది. సామాన్లు చూడ్డానికి ముద్దుగానే ఉన్నాయి, అచ్చు పాతవాటిలాగే. బిగించాక కారు ఉరిమింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కయత్తారు వైపు తీసుకుపోయాడు. వెళ్ళేటప్పుడు బాగానే ఉంది. గాలిమరల మధ్యకి వచ్చేసరికి ఇంజను వేడెక్కి, రెండుసార్లు దగ్గి, హైవే మీద టక్కున ఆగిపోయింది. వెనక నుంచి గాలిమర రెక్కను మోసుకొస్తున్న పొడుగాటి ట్రెయిలర్ హారన్ కొడుతూ మా పక్కగా దూసుకుపోయింది. దాని గాలికి కారు ఊగింది. చల్లారాక కారు తనంతట తనే మళ్ళీ స్టార్ట్ అయింది, ఇంటికి చేరేలోపు మళ్ళీ ఆగింది.

మర్నాడు మూత తీసి, ఒక వైరు చివర రోటరుకి దగ్గరగా పెట్టి నన్ను పిలిచాడు. నీలం రంగు రవ్వ టిక్కుమని రోటరు మీదకి దూకింది. నేను కెవ్వుమని గేటు దాకా పరిగెత్తాను.

"ఉరుకుతావేంటికే, రా" అని నవ్వాడు. "రవ్వ దీంట్లోకి దూకరాదు. దూకిందంటే ముక్క లోపల లీకుండాదని. నల్ల రబ్బరులో కార్బన్ రొంబ ఏసినారు దొంగనాకొడుకులు. వేడయినంక కరెంటు నేలకి పోతాది."

"దాన్ని పారేయండి. కారుని కూడా పారేయండి."

"ముక్కని పారేస్తా" అన్నాడు.

రెండో విడత వేరే చోట నుంచి తెప్పించాడు. ఈసారి ఎర్ర రోటరు, కొత్త మూత, కొత్త వైర్లు. ఇవి మంచివే. ఎండలో సాత్తూరు దాకా పోయి వచ్చినా కారు దగ్గలేదు. నెలల తరబడి ఆగలేదు. నాక్కూడా కొంచెం ధైర్యం వచ్చిందని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, వచ్చింది.

అంతలో విఘ్నేశ్వరన్‌కి పెళ్ళి కుదిరింది. అమ్మాయి శివరంజని, విరుదునగర్ వాళ్ళు, మా మాదిరే ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు. మా వైపు పెళ్ళికి ముందురోజు సాయంత్రం పెళ్ళికొడుకుని గుడి దగ్గర కారులో కూర్చోబెట్టి, మేళంతో, బాణాసంచాతో ఊరేగించి మండపానికి తీసుకుపోతారు. మాప్పిళ్ళె అళైప్పు అంటారు. పైన కప్పు లేని ఎర్ర కారు ఇంట్లో ఉండగా ఇంకో కారు ఎందుకని మా ఆయన. పెట్రోలు, రవ్వలు, టపాకాయలు, వీటన్నిటి నడుమ నా కొడుకు.

శివరంజని మేనమామ పొన్నయ్య శివకాశిలో టపాకాయల వ్యాపారం చేస్తాడు. బాణాసంచా అంతా ఆయనదే. నిశ్చితార్థంనాడే ఆయన్ని పక్కకి పిలిచి అడిగాను.

"అన్నా, కారు పక్కన ఒక్కటి కూడా కాల్చరాదు. ఒక వీధి ముందర పోయి కాల్చుకోండి."

"ఏమ్మా, తిరుత్తంగల్ బిడ్డవు, నువ్వే బయపడితే ఎట్ల?"

"తిరుత్తంగల్ బిడ్డనని కదా బయపడేది."

ఆయన నవ్వు ఆపి, సరి అన్నాడు. నా తల మీద చెయ్యి పెట్టి మరీ సరి అన్నాడు.

విరుదునగర్‌లో పిళ్ళయార్ గుడి, అంటే వినాయకుడి గుడి ముందు కారు నిలిపాం. మా ఆయన పట్టుపంచె మార్చుకోవడానికి లోపలికి పోయాడు. మా అత్త చెల్లమ్మాళ్ పళ్ళెంలో చందనం, కుంకుమ, పన్నీరుబుడ్డి పట్టుకుని వచ్చింది. ఆడవాళ్ళం ఇద్దరం చక్రాలకీ స్టీరింగుకీ బొట్లు పెట్టాం. మా ఇళ్ళల్లో కొత్త మర ఏది వచ్చినా బొట్టు పెట్టందే నడపం. నీళ్ళ మోటారైనా అంతే, మగ్గమైనా అంతే.

"లోపల కొత్త సామాను ఏసినాడు గదా మీ ఆయన, దానికి పెట్టినావా?" అంది అత్త.

పెట్టలేదు. బానెట్ మీట ఎక్కడుందో నాకు తెలుసు, లాగి ఎత్తాను. నల్లటి మూత, నాలుగు వైర్లు, పక్కన కాయిల్. నా భయమంతా ఉన్నది సరిగ్గా అక్కడే. భయం ఉన్న చోటే కదా దేవుడు ఉండాలి అనుకున్నాను. చక్రానికి ఒక చుక్క పెట్టినదాన్ని, ఆ మూతకి అరచేత్తో పూశాను. వైర్ల సందుల్లోకి వేళ్ళు పోనిచ్చి చిక్కటి చందనం నింపాను. దాని మీద కుంకుమ అద్దాను. పైన పన్నీరు చల్లాను, ఒకసారి కాదు, మనసు నిమ్మళించేదాకా. నా బిడ్డని కాపాడు తండ్రీ అని మొక్కుకుని బానెట్ మూశాను. అత్త కళ్ళకద్దుకుంది.

పొద్దు వాలుతుండగా ఊరేగింపు కదిలింది. ముందు నాదస్వరం, తవిలు డోలు. వెనక కారులో మా ఆయన స్టీరింగ్ పట్టుకుని రాజులా, పక్కన మెడనిండా గులాబీ దండతో విఘ్నేశ్వరన్. ఆ పక్కనే నడుస్తూ నేను. కారు నత్త నడక నడుస్తోంది, ఇంజను సెగ నా మోకాళ్ళకి కొడుతోంది. ఒక మలుపు తిరగ్గానే దగ్గింది. ఆ దగ్గు నాకు తెలుసు. కయత్తారులో విన్నాను.

"ఏమండీ" అన్నాను.

"సుమ్మా ఉండు, ఏం లేదు" అన్నాడు గానీ ఆయన దవడ బిగుసుకుంది.

ఇంకా నాలుగడుగులు పోయి కారు ఆగిపోయింది. ఆయన మళ్ళీ మళ్ళీ స్టార్టరు నొక్కాడు. ఇంజను గుర్రుగుర్రుమంటోంది, అంటుకోవడం లేదు. పెట్రోలు వాసన గుప్పుమంది. కింద చూస్తే బండి కడుపులోంచి చుక్కలు చుక్కలుగా రోడ్డు మీదకి కారుతోంది. ఆయన దిగి బానెట్ ఎత్తాడు.

వెలుతురు తగ్గింది కాబట్టి స్పష్టంగా కనిపించింది. "ఒక్కసారి తిప్పు రా" అని ఆయన కొడుకుతో అన్నాడు. వాడు పక్కకి వంగి స్టార్టరు నొక్కాడు. నల్లటి మూత మీద నేను పూసిన తడి చందనం పొడుగునా నీలం రంగు రవ్వలు జెర్రుల్లా పాకాయి. ఒక వైరు నుంచి ఇంకో వైరుకి, అక్కడి నుంచి ఇనుముకి, టిక్ టిక్ టిక్. ఆ పక్కనే పెట్రోలు చెమర్చిన కార్బొరేటరు. రోటరుకి ఏమీ కాలేదు. మూతకీ ఏమీ కాలేదు. దారి చూపించింది చందనం.

కొడుకు వైపు తిరిగాను. వాడి సీటు వెనక గోనెపట్టా కప్పిన పెట్టెలు కనిపించాయి. పట్టా లాగాను. తారాజువ్వలు, టపాకాయల సరాలు, చిచ్చుబుడ్లు. పొన్నయ్య తన మాట తప్పలేదని ఆయన లెక్క. కాల్చడం ముందు వీధిలోనే. కానీ ఊరేగింపు సాగేకొద్దీ సరుకు అందుకోవాలి కదా, పెళ్ళికొడుకు బండిలో పెడితే తడవదు, ఎవరూ తీయరు. వాళ్ళు ఎప్పుడూ అట్లాగే చేస్తారట. అదే సమయానికి ముందు రోడ్డు మీద పాములా పరిచిన సరానికి ఎవరో అవతలి కొసన నిప్పు పెట్టారు. బండి ఆగిపోయిందని వాళ్ళకి తెలియదు. పటపటమంటూ అది మా వైపే కాలుతూ వస్తోంది. ఎగిరిన కాగితం తునకలు నిప్పుతోనే గాలిలో తిరుగుతున్నాయి.

"దిగు రా" అన్నాను. మేళం మోతలో వాడికి వినపడలేదు. మళ్ళీ అన్నాను. "దిగు రా విఘ్నేశా!"

"అమ్మా, అందరూ సూస్తుండారు. సుమ్మా ఉండు."

"దిగరాదు! కాలు కింద పెట్టరాదు!" అని ఎవరో అరిచారు. మండపం వాకిట్లో ఆరతి తీసేదాకా పెళ్ళికొడుకు నేల మీద అడుగు పెట్టకూడదు. మా అత్త పరుగున వచ్చి నా భుజం పట్టుకుంది. "జోతీ, నీకి పిచ్చి పట్టిందా? ఆరతి లేకుండా దించితే ఆ పిల్లకి ఏం మంచి జరుగుతాది? నీ బయానికి బిడ్డ కల్యాణం పాడు సేస్తావా?"

వాడు నవ్వబోయాడు. ఇంట్లో నవ్వినట్టే, మా అమ్మ ఇంతే అన్నట్టు చుట్టూ ఉన్నవాళ్ళని చూసి. ఆ నవ్వు చూశాక నాకు ఒళ్ళు తెలియలేదు. వాడి మెడలో దండ రెండు చేతులా పట్టుకుని లాగాను. అది తెగింది. చొక్కా పట్టుకున్నాను. ఆ పల్లపు సీటులోంచి ఎవరూ తేలిగ్గా లేవలేరు, వాడి పట్టుపంచె గేరు కడ్డీకి తగులుకుంది. పంచె చిరిగిపోయినా లెక్క చేయలేదు. తలుపు మీంచి ఈడ్చాను. ఇద్దరం రోడ్డు మీద పడ్డాం. పడ్డాక కూడా ఆగలేదు, వాణ్ని జబ్బ పట్టి ఒక కొట్టు అరుగు దాకా ఈడ్చుకుపోయాను. జనం నన్ను తిడుతున్నారు. ఏ భాషలో తిడుతున్నారో కూడా నాకు తెలియలేదు.

భుస్సుమని చప్పుడైంది.

తిరిగి చూస్తే బానెట్ కింద మంట. అది మూత మీద రవ్వ చేసిందో, గాలిలో వచ్చిన కాగితం చేసిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. తవిలు ఆగిపోయింది. జనం ఒక్కసారిగా వెనక్కి నెట్టుకున్నారు. "నాయనా!" అని విఘ్నేశ్వరన్ లేవబోయాడు. నేను వాడి మీద పడి రెండు చేతులా చుట్టేశాను. భర్త అక్కడ మంట ముందు ఉన్నాడు, నేను ఇక్కడ కొడుకుని పట్టుకుని ఉన్నాను, ఇద్దరినీ పట్టుకోవడానికి నాకు చేతులు చాలవు. ఆయన్ని పేరు పెట్టి పిలిచాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎప్పుడూ పిలవలేదు. "లక్ష్మణసామీ, వచ్చేయ్!" అని అరిచాను.

ఆయన రాలేదు. సీటు వెనక్కి వంగి పెట్టెల్ని గోనెపట్టాతో సహా గుండెకి హత్తుకుని అవతలి ఖాళీ స్థలంలోకి పరిగెత్తాడు. అవి అక్కడ దించి, మళ్ళీ వచ్చి, ఒట్టి చేత్తో బానెట్ టప్పున మూశాడు. అప్పటికి కొంతమందికి తెలివొచ్చింది. మురుగుకాలవ పనికి పోసిన ఇసక కుప్ప పక్కనే ఉంది, చేటలతో, దోసిళ్ళతో, పళ్ళేలతో కుమ్మరించారు. పొగ నల్లగా లేచి మెల్లగా తెల్లబడింది. ముందు వీధిలో సరం తన మానాన తను కాలి ఆగిపోయింది.

మా ఆయన మా దగ్గరికి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. కనుబొమలు లేవు. అరచెయ్యి ఎర్రగా ఉబ్బింది. "సామాను బాగనే ఉండాది" అన్నాడు, ఎవరో అడిగినట్టు. "సందనం..." అని నా చేతుల వైపు చూశాడు. నా గోళ్ళ సందుల్లో అది ఇంకా తడిగానే ఉంది. ఆ మాట అక్కడే ఆపేసి, కాలని చేత్తో నా చెయ్యి పట్టుకుని తన పంచెతో తుడిచాడు. నేను భయపడకపోతే ఆ మూతకి అంత చందనం పూసేదాన్ని కాదు. భయపడకపోతే కొడుకుని దించేదాన్నీ కాదు. రెండూ ఒకే భయం చేసిన పనులు, దాన్ని తిట్టాలో దండం పెట్టాలో నాకు తెలియలేదు.

పొన్నయ్య తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు. మా అత్త దేవుడా దేవుడా అంటోంది, ఇప్పుడు నన్ను ఏమీ అనడం లేదు. ఇంకో కారు తెప్పిస్తామన్నారు ఎవరో. "ఒద్దు, నడిసే పోదాం" అన్నాడు విఘ్నేశ్వరన్.

చిరిగిన పంచె మీద ఎవరిదో కండువా చుట్టుకుని, దండ లేకుండా, నా కొడుకు తన పెళ్ళికి నడిచి బయల్దేరాడు. నాదస్వరం మళ్ళీ మెల్లగా అందుకున్నారు. వాడు నా పక్కనే నడిచాడు. కాసేపటికి నా కొంగు బరువుగా తగిలింది. చూస్తే దాని చివర వాడి గుప్పిట్లో ఉంది. బడికి పోనని ఏడ్చే రోజుల తరవాత వాడు నా కొంగు పట్టుకోవడం ఇదే.

మండపం లైట్లు కనిపిస్తుండగా వెనక ఎక్కడో కాలకుండా మిగిలిన ఒక్క టపాకాయ పేలింది. విఘ్నేశ్వరన్ గుప్పిట్లో కొంగుతోనే రెండు చెవులూ మూసుకుని గోడ వారకి ముడుచుకుపోయాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, పెదాలు తెల్లబడ్డాయి. దీపావళినాడు తలుపు సందులోంచి తండ్రీకొడుకులు నన్ను చూసి నవ్వే ఆకారం అదే. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో నాతోపాటు ఒక్కరు, ఒకే ఒక్కరు భయపడితే చాలు, నేను పిచ్చిదాన్ని కాదని తేలుతుంది అనుకుంటూ ఉండేదాన్ని. ఇప్పుడు నా కళ్ళముందే నా బిడ్డ నా మాదిరే వణుకుతున్నాడు. అంత పాపిష్టి కోరిక కోరుకున్నందుకు నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

నా గుండె కూడా నోట్లోకి వచ్చే ఉంది. అయినా వాడి చేతుల్ని చెవుల మీంచి తీశాను.

"ఏంటికి రా అట్ల బయపడేది? తాటాకు పటాకు అది. ఉత్త సప్పుడు."

"నీకి బయం లేదా అమ్మా?"

"ఎందికి బయం?" అని నవ్వాను. మా ఆయన నవ్వేటట్టు, తల వెనక్కి వేసి, నలుగురికీ వినపడేలా నవ్వాను. "తిరుత్తంగల్ బిడ్డని రా నేను."

వాడు నా మొహంలోకి చూశాడు. తరవాత కొంగు వదిలాడు. మండపం వాకిట్లో శివరంజని ఆడవాళ్ళందరినీ తోసుకుని మెట్లు దిగి వస్తోంది. వాడు ఒళ్ళు సర్దుకుని, నన్ను దాటి, ఆ పిల్ల వైపు నిటారుగా నడిచి వెళ్ళాడు. వాడు వెనక్కి తిరిగి చూడడని నిశ్చయమయ్యాక, నేను గోడ పట్టుకుని అక్కడే కింద కూర్చున్నాను.